ఫ్యాన్సీ షాపు అసిటోన్

పదకొండేళ్ళుగా రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. అందులోనూ కర్బన హాలోజన్ సమ్మేళనాలు నా సొంత జాగీరు. సీనియర్ ఇంటర్ పిల్లలకు ఆ పాఠం ఎవరు చెప్పాలన్న ప్రశ్నే మా స్టాఫ్ రూములో రాదు. "హాలోజన్ మేడమ్‌ని పంపండి" అంటారు. నాకు వేరే పేరుందన్న సంగతి జీతాల రోజు తప్ప ఎవరికీ గుర్తుండదు.

పాఠానికి మూడు రోజులిస్తారు. మొదటి రోజు తయారీ, రెండో రోజు చర్యలు, మూడో రోజు పరీక్ష. ఒక్కో చర్యకూ ఎవరో ఒక దొరగారి పేరుంటుంది కాబట్టి, ఏ దొర ఏ హాలోజన్‌ని తీసి ఏది పెట్టాడో గుర్తుండడానికి పొట్టి వాక్యాలు కట్టి ఇస్తాను. అవి కాస్త మొరటుగా ఉంటాయి. మొరటుగా ఉంటేనే గుర్తుంటాయని డైరెక్టర్ గారి అభిప్రాయం.

అన్నిటికంటే నాకు పేరు తెచ్చింది మండపేట బస్సు. ఎస్ఎన్ టూ చర్య అంటే ఏంటి? సీటులో ఉన్నవాడు లేవకముందే వెనకనుంచి ఇంకొకడు కూలబడతాడు, ఆ తోపుకి మొదటివాడు ముందునుంచి జారిపోతాడు. ఎస్ఎన్ వన్ అంటే? కూర్చున్నవాడు ముందు తనంతట తాను దిగిపోతాడు. సీటు ఖాళీ. ఇక ఈ కిటికీలోంచైనా సరే, ఆ కిటికీలోంచైనా సరే, ఎవరి రుమాలు ముందు పడితే సీటు వాళ్ళది. క్లోరోబెంజీన్‌లో క్లోరిన్ మాత్రం సీటుకి అతుక్కుపోయిన పెద్దమనిషి, మామూలుగా చెబితే దిగడు. పిల్లలు నవ్వుతారు, నేను నవ్వుతాను, కారిడార్‌లో నిలబడి వింటున్న ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వి, గడియారం చూపించి వెళ్తారు.

ఇంత చెప్పాను గానీ, మొన్నటి సంవత్సరం దాకా ఒక్క హాలోజన్ సమ్మేళనాన్నీ పిల్లలకు చూపించలేదు. మాకు ల్యాబు లేక కాదు. మూడో అంతస్తు చివర్లో ఉంది. తలుపు మీద 'రసాయనశాస్త్ర ప్రయోగశాల' అని నీలం బోర్డు కూడా ఉంది. లోపల మాత్రం హాస్టల్ పరుపులు, స్టడీ మెటీరియల్ కట్టలు, పాత ర్యాంకుల ఫ్లెక్సీల చుట్టలు ఉండేవి. ప్రయోగాలన్నీ రికార్డు పుస్తకాల్లో జరిగేవి. ఒకరు రాసింది చూసి రెండొందల మంది రాసేవాళ్ళు. మొదటివాడు 'పసుపు'ని 'పనుపు' అని రాస్తే రెండొందల రికార్డుల్లోనూ పనుపు రంగు అవక్షేపమే వచ్చేది. నేను ఎర్ర సిరాతో అన్నిటికీ టిక్కు పెట్టేదాన్ని.

మొన్నటి సంవత్సరం జనవరి చివర్లో ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. ఆయన లెక్కల మనిషి. కెమిస్ట్రీ అంటే ఆయన దృష్టిలో అక్షరాల మధ్య బాణాలు పెట్టే లెక్క.

"మేడమ్ గారూ, ఈసారి ప్రాక్టికల్స్‌కి బయటినుంచి ఎగ్జామినర్ గారొస్తారంటండి. గదిలో కెమెరా కూడా ఉండాలంటండి."

"అయితే ల్యాబు తెరవాలండి."

"తెరుద్దామండి. కంటికి కనబడేది, రంగొచ్చేది ఒక్క ప్రయోగం చూడండి. మంట ఉండకూడదు, పొగ రాకూడదు, వాసన అసలు రాకూడదు."

ఈ మూడు షరతుల్లో వంట కూడా ఇమడదు, ఇక ప్రయోగమెక్కడ. ఆలోచించి అయొడోఫాం పరీక్ష అన్నాను. అసిటోన్‌లో అయొడిన్ ద్రావణం కలిపి, కాస్టిక్ సోడా నీళ్ళు చుక్కచుక్కగా వేస్తే, గోధుమ రంగు పోయి పసుప్పచ్చని పొడి అడుగున దిగుతుంది. అదే అయొడోఫాం. మంట లేదు, పొగ లేదు. వాసన సంగతి నేను చెప్పలేదు.

ల్యాబు తాళం మా అటెండర్ గారి దగ్గర ఉంటుంది. అరవై దాటిన మనిషి. ఒక ఎయిడెడ్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై, మా దగ్గర బెల్లు కొట్టి టీ పంచుతున్నారు. బాప్టిస్టు చర్చిలో పెద్ద. తలుపు తీసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేసుకున్నారో, లోపల ఏముంటుందోనని భయపడ్డారో నేను అడగలేదు.

పరుపులు బయటికి మోయించడానికి ఒక పూట పట్టింది. సీసాలు తుడిచి సర్దడానికి సాయంగా ఆరుగురు ఆడపిల్లల్ని పంపించారు. వాళ్ళలో తుని పిల్ల ఒకతి. వాళ్ళమ్మ తుని బజారులో గాజులు, రిబ్బన్లు, పౌడర్లు అమ్మే ఫ్యాన్సీ షాపు నడుపుతుంది. క్లాసులో ఈ పిల్ల మధ్య బెంచీ, మధ్య మార్కులు. పేరు నాకప్పుడు సరిగ్గా తెలియదు కూడా.

ఆ పిల్ల ఒక సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఇది క్లోరోఫాం అండి."

"సరే, అక్కడ పెట్టమ్మా."

"తెల్ల సీసా అండి. సగమే ఉందండి. కిటికీ దగ్గర ఎండలో ఉందండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. 'క్లోరోఫాంను ముదురు రంగు సీసాల్లో మూతిదాకా ఎందుకు నింపుతారు?' రెండు మార్కుల ప్రశ్న. వెలుతురు, గాలి తగిలితే ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది కాబట్టి. ఆ జవాబు నేను కొన్ని వందలసార్లు చెప్పాను, కొన్ని వేలసార్లు దిద్దాను. ఆ సీసా మాత్రం నేను చేరకముందునుంచీ తెల్లగాజులో, సగం ఖాళీగా, పడమటి కిటికీ పక్కన ఎండ కాగుతూ ఉంది.

"మూత తియ్యకు. కిందపెట్టి చేతులు కడుక్కో" అన్నాను. 

"కొంచెం ఇథనాల్ కలిపితే పరవాలేదని మన మెటీరియల్లో ఉందండి మేడమ్."

మెటీరియల్ రాసింది నేనే.

విషయం ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. "రంగు సీసా కావాలి, నిండుగా ఉండాలి, అంతే కదండీ?" అన్నారు. నేను భోజనం చేసి వచ్చేసరికి ఎవరి చేతో సీసాకి చెత్తబుట్టల నల్ల కవరు చుట్టించి, పైదాకా మంచినీళ్ళు పోయించారు. సిలబస్ ప్రకారం చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. దాన్ని ప్రమాదకరమైన రసాయనాలు తీసుకెళ్ళేవాళ్ళకు అప్పగించాలని కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. "చూద్దామండి" అన్నారు.

మర్నాడు ప్రయోగం ముందు నేనే చేసి చూద్దామనుకున్నాను. డిగ్రీలో ఒకసారి చేశాను, పీజీలో చూశాను, తర్వాత ఇరవై ఏళ్ళు, ఇక్కడా అంతకుముందు వేరే కాలేజీల్లోనూ, చెప్పడమే. రాత్రి ఇంట్లో ఫోనులో ఎవరో ఉత్తరాది కుర్రాడు చేసిన వీడియో నాలుగుసార్లు చూసి వచ్చాను. అయొడిన్ చిన్న సీసాలో మిగిలే ఉంది, ఊదారంగు ఆవిరితో మూతని సగం తినేసింది. అసిటోన్ సీసాలో లేబుల్ తప్ప ఏమీ లేదు. అంతా ఆవిరైపోయింది. కాస్టిక్ సోడా డబ్బాలో బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుని తెల్లటి సున్నపుగడ్డలా ఉన్నాయి.

అటెండర్ గారు ఆ గడ్డని అట్టముక్కతో తట్టి చూశారు.

"ఇది చచ్చిపోయిందమ్మా. గాలి తాగేసింది. ఇప్పుడిది బట్టల సోడా కింద లెక్క."

అవును. గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని కార్బొనేటు అయిపోతుంది. నాకు సమీకరణం తెలుసు. చూసి గుర్తుపట్టడం మాత్రం ఆయనకే తెలిసింది.

"మరి ఏం చేద్దామండి?"

"మా చర్చి ఆడవాళ్ళు సబ్బులు చేస్తారమ్మా. వాళ్ళ దగ్గర తాజా సోడా ఉంటుంది, ఓ డబ్బాలో తెస్తాను. అసిటోను మాత్రం నా వల్ల కాదు."

ఆఫీసులో అడిగితే, ఇండెంటు పెట్టాలి, మూడు కొటేషన్లు రావాలి, విజయవాడ హెడ్డాఫీసునుంచి అనుమతి రావాలి అన్నారు. పరీక్షకి నాలుగు రోజులే ఉన్నాయి. స్టాఫ్ రూము గుమ్మంలో తుని పిల్ల నిలబడి ఉంది, రికార్డు సంతకానికి వచ్చింది.

"మేడమ్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసిటోనే అండి. మా షాపులో సీసా వెనక రాసుంటుందండి."

నేను స్కూటీ వేసుకుని మెయిన్ రోడ్డుకి వెళ్ళి గులాబీరంగు సీసా ఒకటి కొన్నాను. మర్నాడు తాజా సోడాతో ప్రయోగం చేశాను. గోధుమ రంగు పోయింది. పసుపు రాలేదు. నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో నాకొచ్చిన పీజీ పట్టా ఆ క్షణంలో ఆ టెస్ట్ ట్యూబంత పారదర్శకంగా కనిపించింది.

తుని పిల్ల గులాబీ సీసా తిప్పి చూసి, కాస్త జాలిగా నావైపు చూసింది.

"ఇది అసిటోన్ లేనిదండి మేడమ్. ముందువైపే రాశాడు కదండీ."

మళ్ళీ మెయిన్ రోడ్డు. షాపాయన నన్ను గుర్తుపట్టాడు.

"అసిటోన్ లేనిదే మంచిదండి. అసిటోన్‌ది గోళ్ళు పాడుచేస్తుందండి."

"నాకు పాడుచేసేదే కావాలండి."

అతను నా చేతులవైపు చూశాడు. నా గోళ్ళకి రంగు వేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. లోపలినుంచి నీళ్ళలాంటి మందున్న చిన్న సీసాలు నాలుగు తెచ్చి ఇచ్చాడు.

ఈసారి అటెండర్ గారు నా పక్కన నిలబడ్డారు. "గబగబా పొయ్యకండమ్మా. చుక్క వెయ్యండి, ఊపండి. రంగు పోయేదాకా చూడండి. ఇంకో చుక్క." ఆయన ఇంటర్ తప్పారు. ముప్పై ఏళ్ళు లెక్చరర్ల పక్కన ఇలాగే నిలబడ్డారు. ఐదో చుక్కకో ఆరో చుక్కకో ట్యూబులో ఏదో మబ్బు కదిలింది. తర్వాత మెల్లిగా, నిమ్మపండు తొక్కలాంటి పసుపు కిందికి దిగడం మొదలుపెట్టింది. వాసన కూడా వచ్చింది, పాతకాలపు ఆస్పత్రుల్లో కట్లు కట్టేచోట ఉండే వాసన. చుట్టూ ఉన్న ఆరుగురు ఆడపిల్లలూ ఒక్కసారి "హే!" అన్నారు. నేనూ అన్నాను. మండపేట బస్సుకి కూడా అంత గోల ఎప్పుడూ రాలేదు.

పరీక్ష రోజు ఎగ్జామినర్ గారొచ్చారు. మాలాంటి ఇంకో కాలేజీలో నాలాంటి ఇంకో మనిషి. ఆయనకి ప్రిన్సిపాల్ గారు పెసరట్టు ఉప్మా పెట్టించి, శాలువా కప్పించి, కాలేజీ డైరీ ఇచ్చి, పదిన్నరకి ల్యాబుకి తీసుకొచ్చారు. కెమెరా కింద వరసగా పిల్లలు నిలబడ్డారు.

మొదటి బల్ల దగ్గర మా టాపరు. ఊళ్ళో మూడు కూడళ్ళలో వాడి ఫోటో ఉంది. వాడు అయొడోఫాం చర్యలో ఏ ఎలక్ట్రాన్ జంట ఎటు పోతుందో నిద్రలో లేపినా చెబుతాడు. ట్యూబులోకి ముందు ఏది పొయ్యాలో మాత్రం తెలియక, మూడూ ఒకేసారి పోసి, రెండు చేతులతో ట్యూబుని పట్టుకుని నిలబడ్డాడు. సోడా చాల్లేదు. లోపల నల్లని టీ డికాషన్‌లా ఉంది.

"ఏం రంగు అవక్షేపం వచ్చిందయ్యా?" అన్నారు ఎగ్జామినర్ గారు.

వాడు ట్యూబువైపు చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు.

"పసుపు సార్."

"చూసి చెప్పు."

వాడు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. వాడి జీవితంలో జవాబూ వస్తువూ వేరువేరుగా కనబడటం అదే మొదటిసారనుకుంటాను. చాలా మర్యాదగా అడిగాడు.

"ఆప్షన్లు ఇస్తారా సార్?"

నేను నవ్వలేదు. వాడిని అలా తయారుచేసిన వాళ్ళలో నాకూ వాటా ఉంది.

నాలుగో బల్ల తుని పిల్లది. చుక్క వేసి, ఊపి, ఆగి, మళ్ళీ చుక్క వేసింది. పసుపు దిగింది. ఎగ్జామినర్ గారు వంగి చూసి, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకున్నారు. ఆయన ముఖం మారింది.

"నేను ఇది మళ్ళీ చూస్తానని అనుకోలేదండి. నా డిగ్రీలో చూశాను, అంతే" అన్నారు నాతో మెల్లిగా. తర్వాత ఆ పిల్లని సమీకరణం తుల్యం చేసి రాయమన్నారు. సోడా ఎన్ని అణువులో అన్నచోట తప్పు రాసింది. ఆయన తలూపి తర్వాతి బల్లకి కదిలారు.

వెళ్ళబోతూ అల్మరాలో నల్ల కవరు సీసా చూసి ఆగారు. కవరు కొంచెం కిందికి లాగారు.

"ఇదేంటండీ, రెండు పొరలుగా ఉంది?"

ప్రిన్సిపాల్ గారు ముందుకొచ్చారు. "అది స్పెషల్ క్వాలిటీ అండి."

"పైన ఉన్నది నీళ్ళండి" అన్నాను. "కింద క్లోరోఫాం."

"నీళ్ళెందుకు పోశారండి?"

"నిండుగా ఉండాలి కదండీ."

ఆయన నా కళ్ళలోకి చూశారు. ఏమర్థమైందో ఏమో, కవరు జాగ్రత్తగా పైకి లాగి, చేతులు తుడుచుకున్నారు. రిపోర్టులో 'ప్రయోగశాల సంతృప్తికరం' అని రాశారు. పిల్లలందరికీ ముప్పైకి ముప్పై వేశారు. ఆయన కాలేజీకి మా వాళ్ళెవరో వెళ్తారు కాబట్టి అది పెద్దమనుషుల పద్ధతి.

మధ్యాహ్నం ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పసుపు బాగా వచ్చిన ట్యూబు కావాలన్నాడు. తుని పిల్ల ట్యూబు తీసి, తెల్లకోటు తొడిగిన టాపరు చేతిలో పెట్టారు. వాడు దాన్ని వెలుతురుకెత్తి, శాస్త్రవేత్తలా కనుబొమలు ముడిచాడు. వారం తిరక్కముందే అది ఫ్లెక్సీ అయింది. 'ప్రయోగాత్మక విద్యకు పట్టుగొమ్మ' అని కింద ఎర్ర అక్షరాలు.

ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఆ ట్యూబు నాదండి."

"తెలుసమ్మా."

"నేను చేసిందని కూడా ఎక్కడా రాయలేదండి."

అప్పుడు నేను అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. తర్వాత ఇంట్లో గిన్నెలు తోముకుంటూ అవన్నీ చక్కగా అనుకున్నాను. అక్కడ మాత్రం, "పోనీలేమ్మా, నీకూ ముప్పై వచ్చాయి కదా, థియరీ చదువుకో" అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. తలూపిన తీరు నాకు నచ్చలేదు. చాలా మర్యాదగా ఉంది.

ఈలోగా వాసన రెండో అంతస్తులో డైరెక్టర్ గారి ఏసీ గదికి చేరింది. ఆయన విజయవాడనుంచి నెలకోసారి వస్తారు, సరిగ్గా పరీక్ష రోజే వచ్చారు. "ఇక్కడ ఆస్పత్రి పెట్టారేంటండీ?" అన్నారట. మర్నాడు ల్యాబుకి తాళం పడింది. వారానికి ఒక్క పీరియడు ల్యాబు ఇవ్వమని, అటెండర్ గారికి ఆ పని అప్పగించమని నేనొక కాగితం రాసిచ్చాను. ప్రిన్సిపాల్ గారు చదివి, "జూన్‌లో చూద్దామండి" అన్నారు. జూన్‌లో చూశారు. ల్యాబుకి ఏసీలు పెట్టించి లాంగ్ టర్మ్ బ్యాచికి క్లాసు రూము చేశారు. నీలం బోర్డు మాత్రం ఉంచారు, తనిఖీకి వచ్చేవాళ్ళకి కావాలి కదా. క్లోరోఫాం సీసా మెట్ల కింది గదిలోకి మారింది. నా మొదటి కాగితం ఇంకా పరిశీలనలో ఉంది. నెలకోసారి గుర్తుచేస్తాను, నెలకోసారి "మంచి పాయింటండి" అంటారు. అటెండర్ గారు బెల్లు కొడుతున్నారు.

టాపరుకి మెడికల్ సీటొచ్చింది. రావాల్సిందే, కష్టపడ్డాడు. రోగిని చూసేటప్పుడు కళ్ళు తెరిచే ఉంచుతాడని ఆశిస్తున్నాను. తుని పిల్లకి ఎందులోనూ ర్యాంకు రాలేదు. ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీలో చేరింది. ఆ మాట చెబితే ప్రిన్సిపాల్ గారు పెన్ను కింద పెట్టి, "అయ్యో పాపం! ఏమైనా ఇబ్బందులా ఇంట్లో?" అని అడిగారు. కెమిస్ట్రీ కోసమే కెమిస్ట్రీలో చేరతారని ఆయన ఊహకి అందలేదు. నిజం చెప్పాలంటే నా ఊహకీ కొంచెం ఆలస్యంగానే అందింది.

ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం చర్చినుంచి వచ్చి టీ పెట్టుకుంటుంటే ఆ పిల్ల ఫోన్ చేసింది.

"మేడమ్, నిన్న పారాబ్రోమో ఎసిటానిలైడ్ చేశామండి, మీ హాలోజన్ సమ్మేళనమే! బ్రోమిన్‌కి కళ్ళు మండిపోయాయండి. మా సార్ ముందే చెప్పారు, కిటికీలన్నీ తీయించారు, అయినా మండాయండి."

"వచ్చిందా?"

"వచ్చిందండి, తెల్లగా. వడకట్టేటప్పుడు కాగితం చిరిగి సగం సింకులో పోయిందండి. మిగిలినదాన్ని ఆల్కహాల్‌లో కరిగించి మళ్ళీ స్ఫటికాలు తీశానండి. సూదుల్లా వచ్చాయి మేడమ్, దీపం కింద పెడితే మెరిశాయి."

సగం పోయిందన్న మాట చెబుతూ ఆ పిల్ల నవ్వుతోంది. ఏదైనా పోగొట్టుకుని నవ్విన పిల్లని మా కాలేజీలో నేను చూడలేదు.

"ద్రవీభవన స్థానం చూశారా?"

"చూశామండి. నాది నూట అరవై దగ్గర మొదలై నూట అరవై ఆరుకి కరిగిందండి. అంటే ఇంకా శుభ్రం కాలేదనే కదండీ మేడమ్? అసలు ఎంత ఉండాలండి?"

గోముఖంలోంచి నీళ్ళొచ్చినట్టు జవాబులు చెప్పే హాలోజన్ మేడమ్‌కి అది తెలియదు. మా మెటీరియల్లో ఆ అంకె లేదు, ఎంట్రెన్సులో ఎవరూ అడగరు.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అని ఫోను స్పీకర్‌లో పెట్టి, స్టవ్వు కట్టేసి, మంచం కింద అట్టపెట్టెలో ఉన్న నా డిగ్రీ ప్రాక్టికల్ పుస్తకం కోసం వంగాను. పిల్ల అవతల ఓపిగ్గా లైనులోనే ఉంది.